మూడు నిమిషాల్లో ఎల్లారెడ్డి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పండి చూద్దాం.

నవ్వకండి. దీనికి జవాబుంది. ఈ కాలంలో భూమ్మీద ఏ రెండు ఊళ్ల పేర్లు చెప్పినా, వాటి మధ్య ఆకాశంలో దూరమెంతో, ఎగిరిపోతే ఎంతసేపో ఠక్కున చెప్పేసే లెక్కలు చేతిలోకి వచ్చేశాయి. ఆ ఊళ్లో రన్‌వే ఉందా, కనీసం గాలిగుమ్మటం ఎగరేసే మైదానమైనా ఉందా అని ఆ లెక్క అడగదు. దానికి కావలసింది అక్షాంశం, రేఖాంశం. అవి ప్రతి ఊరికీ ఉన్నాయి కాబట్టి ప్రతి ఊరికీ విమానయోగం ఉన్నట్టే.

మీరు కూడా వేసి చూడొచ్చు. కాగితం, పెన్సిలు చాలు. కామారెడ్డి సుమారు 18.32 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.34 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఎల్లారెడ్డి 18.18, 78.02 దగ్గర. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర అంతే ఉన్నా, పైకి పోయేకొద్దీ గీతలు దగ్గరపడతాయి కాబట్టి మన దగ్గర 105, 106కు దిగుతుంది. అంటే ఎల్లారెడ్డి కామారెడ్డికి దక్షిణంగా 15 కిలోమీటర్లు, పడమరగా 34 కిలోమీటర్లు. ఆ తర్వాతది బళ్లో నేర్చుకున్న పైథాగరస్. 37 కిలోమీటర్లు వస్తుంది, ఓ అరకిలోమీటరు అటో ఇటో. భూమి గుండ్రం కదా, వంపు లెక్కలోకి రాదా అని మీలో లెక్కల మాస్టార్లు ఎవరైనా అడగొచ్చు. వస్తుంది. ఇంత దగ్గరి ఊళ్ల మధ్య ఆ వంపు వల్ల పెరిగే దూరం అయిదు సెంటీమీటర్లు. దాన్ని వదిలేద్దాం.

పెద్ద విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుంటే 37 కిలోమీటర్లకు పట్టేది మూడు నిమిషాల లోపే. లేవడానికి, దిగడానికి ఇంకో అరగంట కలుపుకోమని కొన్ని లెక్కలు చెబుతాయి. మూడు నిమిషాల పనికి ముప్పై నిమిషాల ఏర్పాట్లు. మన పెళ్లిళ్లలో తాళి కట్టడానికి పట్టే సమయమూ, దానికి ముందూ వెనకా అయ్యే తతంగమూ గుర్తొస్తే తప్పు మీది కాదు.

అంతా బాగానే ఉంది గానీ, లెక్క మొదలుపెట్టేముందు అడగాల్సిన మాట ఒకటి మిగిలింది. ఏ ఎల్లారెడ్డి?

కామారెడ్డి బస్టాండులో నిలబడి ‘ఎల్లారెడ్డి’ అంటే ఎదుటివాడు ఒక్క క్షణం మీ మొహం చూస్తాడు. ఎందుకంటే కామారెడ్డి చుట్టూ ఎల్లారెడ్లు ఒకటికి మూడున్నాయి. పడమటి వైపున్నది మనం చెప్పుకుంటున్న ఎల్లారెడ్డి. కామారెడ్డి జిల్లాలోనే రెవెన్యూ డివిజన్ కేంద్రం, అసెంబ్లీ నియోజకవర్గం కూడా. తూర్పున సిరిసిల్ల పోయే తోవలో ఎల్లారెడ్డిపేట ఉంది. అది రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రం. ఇక ఊరికి పక్కనే, సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి ఉంది. చక్కెర ఫ్యాక్టరీ పేరుతో చాలామందికి తెలిసిన ఊరు. పాత కాగితాల్లోకి పోతే చిక్కు ఇంకా పెరుగుతుంది. నిజాం నాటి గెజిటీర్లలో మన రెండు ఊళ్లూ కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అనే పేర్లతో తాలూకాలుగా కనిపిస్తాయి. కాలక్రమాన ఇద్దరికీ తోక రాలిపోయింది, సిరిసిల్ల వైపు ఆయనకు మాత్రం మిగిలింది. యంత్రాన్ని అడిగేటప్పుడు జాగ్రత్త. పడమరకు పోవలసినవాణ్ణి తూర్పుకు ఎగరేసినా ఎగరేస్తుంది.

సరే, మన ఎల్లారెడ్డికే పోదాం. అసలు విమానమంటూ ఒకటి దొరికితే ఈ దూరం పోగలదా అన్నది నాకు సరదాగా తోచిన సంగతి. పోలేదు, పోయినా విమానంలా పోలేదు. మనం శంషాబాద్‌లో ఎక్కే జెట్టు ముప్పై అయిదు వేల అడుగులకు చేరడానికి దాదాపు ఇరవై నిమిషాలు, నూట యాభై కిలోమీటర్ల పైన మేర కావాలి. దిగడానికి అంతకన్నా ఎక్కువ కావాలి. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు అని పైలట్లకు ఒక నోటిలెక్క ఉంది. ఆ లెక్కన ఢిల్లీ నుంచి వచ్చే విమానం శంషాబాద్‌లో దిగాలంటే 190 కిలోమీటర్ల ముందే, అంటే నిర్మల్ దాటి నిజామాబాద్ వైపు వస్తుండగానే తల వంచాలి. అలాంటి విమానాన్ని 37 కిలోమీటర్ల కోసం పైకి లేపితే చక్రాలు లోపలికి ముడుచుకునేలోపే మళ్లీ బయటికి తీయాల్సొస్తుంది.

మరి ఇంత పొట్టి ప్రయాణాలు లోకంలో ఎక్కడా లేవా అంటే, ఉన్నాయి. ఇంతకన్నా పొట్టివి ఉన్నాయి. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవులని ఉన్నాయి. అందులో వెస్ట్రే అనే దీవి నుంచి పాపా వెస్ట్రే అనే దీవికి లోగనెయిర్ అనే కంపెనీ 1967 నుంచి విమానం నడుపుతోంది. దూరం 2.7 కిలోమీటర్లు. టైంటేబుల్లో రాసే సమయం రెండు నిమిషాలు. గాలి అనుకూలించిన ఒక రోజు 53 సెకన్లలో దించేశారట, అదే రికార్డు. ఎనిమిది మంది పట్టే బుల్లి విమానం, పైలట్ వెనక సీట్లో కూచుంటే ఆయన భుజం తట్టి మాట్లాడేంత దగ్గర. అందులో ఎక్కేది టీచర్లు, డాక్టర్లు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు. మన పల్లెవెలుగు జనమే. వాళ్లకు విమానం విలాసం కాదు, మధ్యలో ఉన్నది సముద్రపు చలినీళ్లు.

మనకు మధ్యలో ఉన్నది సముద్రం కాదు. తాడ్వాయి, లింగంపేట.

రోడ్డు మీద పోతే కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. అంటే ఆకాశం మీద గీసిన గీతకూ, నేల మీద పోయే తోవకూ ఏమంత తేడా లేదన్నమాట. ఇది విశేషమే. అరకు పోయే ఘాట్లోనో, శ్రీశైలం తోవలోనో చూడండి, గీత ఒకటి చెబితే రోడ్డు రెండు చెబుతుంది. ఇక్కడ దారి దాదాపు తిన్నగానే పోతుంది. కాలమే తిన్నగా పోదు. ఆర్టీసీ బస్సు గంట పైన తీసుకుంటుంది. వాగు దగ్గర నెమ్మదిస్తుంది, వరికోతల కాలమైతే రోడ్డు మీదే ఆరబోసిన వడ్లను తప్పించుకుంటుంది, స్టేజీ స్టేజీకీ ఆగుతుంది.

ఆ బస్సులోకి ఒకసారి ఎక్కుదాం. కామారెడ్డిలో ప్లాట్‌ఫారం మీదికి వస్తూండగానే కిటికీలోంచి తువ్వాళ్లు, సంచులు లోపలికి పడతాయి. సీటు పట్టుకునే పద్ధతి అది. దాన్ని ఏ చట్టమూ రాయలేదు, ఎవరూ కాదనరు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. లేదంటే అసలు లేదని కాదు, సున్నా రూపాయల టికెట్ ఉంది. కండక్టర్ మిషన్ నొక్కి చింపి ఇస్తాడు. ఎక్కిన ఊరు, దిగే ఊరు అన్నీ ఉంటాయి, చివర రూపాయలు మాత్రం ఉండవు.

“అవ్వా, ఏడికి?”

“లింగంపేట, బిడ్డా.”

“కార్డు సూపియ్యి.”

“మా మనుమని ఫోన్ల ఉన్నది. ఆడు ఎన్క కూసున్నడు.”

“ఫోన్లది నడ్వదవ్వా. అసలుదుండాలె.”

అవ్వ రొంటి నుంచి చిన్న గుడ్డమూట తీస్తుంది, దాంట్లోంచి ప్లాస్టిక్ కవరు, దాంట్లోంచి ఇంకో కవరు, దాంట్లోంచి కార్డు. ముందే తీయొచ్చు కదా అని మీకనిపిస్తుంది. ఒకవేళ ఫోనుతో పని జరిగితే మూట విప్పే శ్రమ తప్పుతుంది కదా అని ఆమె లెక్క. కండక్టర్‌కు ఆ లెక్క తెలుసు. అందుకే విసుక్కోకుండా నిలబడ్డాడు.

సోమవారం పొద్దున ఎదురు దిక్కున, అంటే ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చే బస్సు ఇంకా చూడదగ్గది. ఆ రోజు కలెక్టరేట్‌లో ప్రజావాణి. బస్సులో సగం మంది చేతిలో ఒకేరకం ప్లాస్టిక్ కవరు, దాంట్లో పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సు, ఎవరితోనో రాయించిన అర్జీ. సర్వే నంబరు తప్పు పడిందనో, తండ్రి పేరు మీది భూమి కొడుకుల మీదికి ఎక్కలేదనో. భూమి రికార్డులకు ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా కవరు మారలేదు. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, కామారెడ్డి జిల్లా కాకముందు ఈ కవరు పట్టుకుని నిజామాబాద్ దాకా పోవాల్సొచ్చేది. ఎల్లారెడ్డి రైతుకు జిల్లా కేంద్రం ఒక్కసారిగా సగం దగ్గరికి జరిగింది. భూమి కదలలేదు, రోడ్డు వెయ్యలేదు, ఒక జీవోతో దూరం తగ్గింది. మీ పైథాగరస్ ఇది చెయ్యగలడా?

బస్సు లింగంపేటకు వచ్చింది కాబట్టి ఒక్కమాట. ఇక్కడ నాగన్న బావి అని మెట్లబావి ఉంది. రాతిమెట్లు నాలుగు వైపులా అంతస్తులు అంతస్తులుగా లోపలికి దిగుతాయి. చాన్నాళ్లు చెత్తా చెదారంతో పూడిపోయి ఉంటే ఈమధ్య సంవత్సరాల్లో పూడిక తీసి, రాళ్లు సరిచేసి మళ్లీ బావిని చేశారు. విమానంలో పోయేవాడికి ఇది కనబడదు. కనబడినా ఓ చదరపు మచ్చ. మీరు బస్సు దిగి చూడొచ్చు, తర్వాతి బస్సు ఎప్పుడని మాత్రం నన్నడగొద్దు.

వానాకాలం వస్తే ఈ నలభై కిలోమీటర్ల మాటే మారిపోతుంది. 2025 ఆగస్టు 27, వినాయక చవితి. విగ్రహాలు మండపాల్లోకి ఎక్కుతున్న రోజు ఈ జిల్లా మీద ఆకాశం విరుచుకుపడింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఏడాదిలో పడాల్సిన వానలో ఏ మూడో వంతో, ఇంకా ఎక్కువో ఒక పగలూ రాత్రిలో పడితే ఏమవుతుందో అదే అయ్యింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, రైళ్లు ఆగిపోయాయి. జాతీయ రహదారి మీద వాహనాలు నిలిచిపోయాయి. లింగంపేట వైపు వంతెనలు, రోడ్లు దెబ్బతిని కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య తోవ తెగింది. నాగిరెడ్డిపేట దగ్గరి పోచారం ప్రాజెక్టు, 1922లో పూర్తయిన వందేళ్ల కట్ట, నీళ్లు మీదినుంచి దూకుతుంటే రాత్రంతా జనానికి నిద్ర పట్టనివ్వలేదు. అది నిలబడింది. ఆనాటి సున్నం కట్టడానికి దండం పెట్టినవాళ్లలో దేవుణ్ణి నమ్మనివాళ్లూ ఉండుంటారు. ఆ రెండు మూడు రోజులు మాత్రం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి తెరిచి ఉన్న తోవ అంటే నిజంగానే ఆకాశం ఒక్కటే.

ఆ తోవలో వచ్చేది హెలికాప్టర్. దానికైతే ఈ దూరం పది నిమిషాల పని. కామారెడ్డి వాళ్లకు హెలికాప్టర్ కొత్త కాదు. 2023 ఎన్నికల్లో చూశాం కదా. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గజ్వేల్‌తో పాటు ఇక్కడా నిలబడ్డారు. ఆయన మీద రేవంత్ రెడ్డి కొడంగల్‌తో పాటు ఇక్కడా నిలబడ్డారు. రాష్ట్రమంతా హెలికాప్టర్లలో తిరిగే పెద్దలు ఇద్దరు ఒకే ఊరికి వచ్చారు. డిసెంబరు 3న లెక్క తేలేసరికి ఇద్దరూ ఓడి, ఊళ్లో తిరిగే కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. దీని మీద రాజకీయ విశ్లేషకులు చాలా రాశారు. నేను మాత్రం దూరాల గురించి మాట్లాడుతున్నాను కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

వెనకటి రోజుల్లో ఇదే దూరాన్ని ఎడ్లబండి కొలిచేది. ఆమడ అంటే ఎనిమిది మైళ్లని చెప్పుకునేవాళ్లు, ఆ లెక్కన ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి మూడామడలు. తెల్లవారకముందే కచ్చురం కడితే పొద్దుగూకేసరికి చేరేది. 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి గోదావరి లోయ మీదుగా మన్మాడ్‌కు రైలుదారి వేసినప్పుడు అది కామారెడ్డి మీదుగా పోయింది, ఎల్లారెడ్డి మీదుగా పోలేదు. ఈ రెండు ఊళ్ల జాతకాలు అక్కడ విడిపోయాయని నా అనుమానం. కామారెడ్డికి రైలొచ్చింది, బెల్లం మార్కెట్ పెరిగింది, తర్వాత నాగపూర్ రోడ్డు కూడా అటే పోయింది. ఎల్లారెడ్డికి దక్కింది చెరువులు, అడవి, పక్కనే 1931లో పూర్తయిన నిజాంసాగర్. రైలు ఎక్కాలంటే కామారెడ్డికి పోవాలి. నిజాం సర్కారు 1932లో ఇరవై ఏడు బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. 1945లో టాటాలతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థనూ మొదలుపెట్టింది. బేగంపేటలో లేచిన ఆ విమానాలు ఢిల్లీకీ మద్రాసుకూ పోయాయి. కామారెడ్డికి మాత్రం రైలే గొప్ప.

అలాగని మా ఆకాశం ఖాళీ అనుకోవద్దు. పటం మీద స్కేలు పెట్టి శంషాబాద్ నుంచి ఢిల్లీకి గీత గీయండి. అది దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది, పోతూ పోతూ సరిగ్గా కామారెడ్డి నెత్తిమీదుగా పోతుంది. విమానాలు స్కేలు గీసిన గీత మీదే పోవు, వాటి తోవలు వాటికున్నాయి. అయినా శంషాబాద్ వదిలిన పావుగంటకు ఢిల్లీ విమానం ఉండేది ఈ చుట్టుపక్కలే. లోపల కూచున్నాయన అప్పుడే బెల్టు విప్పి, తినడానికి ఏమిస్తారా అని వెనక్కి చూస్తూ ఉంటాడు. నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు గీత గీస్తే అది ఎల్లారెడ్డికి పడమరగా, నిజాంసాగర్ పరిసరాల మీదుగా వస్తుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద ప్రధాని జెండా ఊపిన మొదటి విమానాల్లో ఆ నాందేడ్ విమానం ఒకటి. సామాన్యుడికి విమానం అన్నారు. ఎల్లారెడ్డి సామాన్యుడు నాటు మళ్లో నడుము నిమురుకుంటూ తలెత్తి చూశాడు. అంతవరకు పథకం అందినట్టే.

ఇప్పుడు తమాషా చూడండి. ఇంతగా విమానం అందని ఈ నేలలో, విమానం గురించి తెలియని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. ఎల్లారెడ్డి చౌరస్తాలో నిలబడి ‘దుబాయికి ఎంతసేపు’ అని అడగండి. చాయ్ పోసే పిల్లాడు కూడా ‘నాలుగు గంటలు’ అంటాడు. మస్కట్ అంతకన్నా కొంచెం తక్కువ, రియాద్ ఎక్కువ. ఏ విమానం ఎన్నింటికి, దేంట్లో ముప్పై కిలోలు, దేంట్లో నలభై కిలోలు సామాను పోనిస్తారు, ఎక్కడ ఆగి మారాలి, అంతా నోటికొస్తుంది. ఆర్మూరు నుంచి సిరిసిల్ల దాకా, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు లేదు. బోర్లు ఎండిన ఏడాది ఎక్కువ మంది పోయారు, బోర్లు పారిన ఏడాదీ పోయారు. చదువు పదో తరగతి, పాస్‌పోర్టు మాత్రం మూడోది నడుస్తుంటుంది.

హైదరాబాద్ నుంచి దుబాయి 2,550 కిలోమీటర్లు. నాలుగు గంటల్లో దింపుతారు. ఎల్లారెడ్డి నుంచి శంషాబాద్ దాంతో పోలిస్తే పక్కనే. ఊరు దాటి, అవుటర్ ఎక్కి, ట్రాఫిక్ తప్పించుకుని చేరేసరికి మూడున్నర గంటలు. విమానాశ్రయంలో మూడు గంటలు ముందుగా ఉండాలి, దారిలో టైరు పంచరైతే ఎట్లా అన్న భయానికి ఇంకో రెండు గంటలు. అంటే అరేబియా సముద్రం దాటడం కన్నా మెదక్ జిల్లా దాటి లోపలికి చేరడానికే ఎక్కువ సేపు పడుతోంది. పోయేటప్పుడు తల్లి, పెళ్లాం, పిల్లలు శంషాబాద్ గేటు దాకా వస్తారు. అద్దం తలుపు దగ్గర టికెట్ ఉన్నవాడే లోపలికి. అక్కడితో ఆగిపోయినవాళ్లు, విమానం లేచే వేళకు మళ్లీ తూప్రాన్ దగ్గరో నర్సాపూర్ దగ్గరో ఉంటారు. కొందరి రాక వేరుగా ఉంటుంది. సామాన్ల వైపు నుంచి, చెక్కపెట్టెలో, కాగితాల కట్టతో. ఆ రోజు అంబులెన్సులో శంషాబాద్ నుంచి ఎల్లారెడ్డి దాకా ఎవరూ గంటలు లెక్కపెట్టరు.

ఇంత మంది పోయే చోట దగ్గర్లో విమానాశ్రయం కట్టొచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఇక్కడే ఆకాశంలో గీసిన ఉత్తుత్తి గీతకు మొదటిసారి అసలు పని పడింది. శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో చుట్టూ 150 కిలోమీటర్ల లోపు పోటీగా మరొకటి రాకూడదని షరతు ఉంది. రోడ్డు దూరం కాదు, గీత దూరం. స్కేలు పెట్టి చూస్తే కామారెడ్డి 120, ఎల్లారెడ్డి 115 దగ్గర ఉన్నాయి. రెండూ ఆ గుండ్రంలో లోపలే. వరంగల్ దగ్గరి మామునూరూ లోపలే పడింది. అక్కడ శంషాబాద్ వాళ్లు అభ్యంతరం లేదని ఒప్పుకున్నాకే 2025లో పని కదిలింది. మన వైపు చెప్పుకుంటున్నది జక్రాన్‌పల్లి. నిజామాబాద్ జిల్లాలో, నాగపూర్ రోడ్డు మీద, ఆర్మూరుకు ఇవతల. రాష్ట్రంలో కొత్త విమానాశ్రయాలకు అనుకున్న ఆరు చోట్లలో అదొకటి. నా లెక్కలో అది గుండ్రానికి పది కిలోమీటర్లు బయట పడుతుంది. సర్వేలు అయ్యాయి, నాయకులు అడిగారు, ఏళ్లు గడిచాయి. రేపు అది వచ్చినా ఎల్లారెడ్డి మనిషి దాన్ని చేరాలంటే ముందు లింగంపేట బస్సెక్కి కామారెడ్డిలో దిగాలి. అందుకని ఎల్లారెడ్డి వాళ్లు జక్రాన్‌పల్లి గురించి పెద్దగా ఆవేశపడరు. నేనడిగితే ఒకాయన ‘రానీ, వస్తే చూద్దాం’ అని బీడీ అంటించుకున్నాడు.

వాళ్లకు ఆవేశం వచ్చేది వేరే విషయం మీద. చుట్టీ మీద కొడుకు దిగాడు. శంషాబాద్ బయట కారు పెట్టారు. అట్టపెట్టెలు, వాటికి నైలాన్ తాడు, పైన నల్లటి మార్కర్‌తో పేరు, ఊరు, ఫోను నంబరు. లోపల దుప్పటి, టాంగ్ పొడి, టైగర్ బామ్, పిల్లలకు చాక్లెట్లు. పెట్టెలు కారు మీదికి ఎక్కించి కట్టడంతోనే మొదలవుతుంది.

“మేడ్చల్ తోవ పట్టు. కామారెడ్డి మీదికెల్లి పోదాం. ఫోర్‌లైను, కడుపుల నీళ్లు కదలయ్,” అంటాడు బావ.

“గా భిక్కనూరు టోలుగేటు నువ్వు కడ్తవా? కామారెడ్డికి పోయి మళ్ల ఎన్కకు మలగాలె. దుండిగల్ కాడ దిగి నర్సాపూర్, మెదక్ మీదికెల్లి కొట్టు, సక్కగ ఇంటి ముంగట దిగుతం,” అంటాడు చిన్నాయన.

“మెదక్ తోవల అడవి, మూలమలుపులు. పిల్లగాడు రాత్రంత నిద్రలేకుంట వచ్చిండు.”

“ఆడు వచ్చింది నిద్ర పోనీకి కాదు, ఇల్లు సూడనీకి.”

నాలుగు గంటల్లో సముద్రం దాటి వచ్చినవాడు వెనక సీట్లో, రెండు పెట్టెల మధ్య, ఏమీ మాట్లాడకుండా కూచుని ఉంటాడు. డ్రైవర్ అద్దంలోంచి అతని వంక చూసి బండి స్టార్ట్ చేస్తాడు.

“అన్నా, ఏ తోవల పోయినా మూడున్నర గంటలే. అవుటర్ దాకైతే ఒక్కటే తోవ గదా, ఆడ చాయ్ తాగుకుంట మీరే తేల్చుకోండ్రి.”